విమానంలో లైటర్, అగ్గిపెట్టె: మధురపూడి నుంచి డాలస్ దాకా ఏ తనిఖీలో ఏ నియమం

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు ముందు క్లుప్తంగా చెబుతాను. అమలాపురం దగ్గరి ఊరి నుంచి మీ తల్లిదండ్రులను డాలస్‌లో మీరు కట్టుకున్న కొత్త ఇంటికి తీసుకువెళ్తున్నారు. మీ నాన్నగారికి లంక పొగాకు చుట్ట అలవాటు ఉండటంతో లైటరో అగ్గిపెట్టో ఎప్పుడూ ఆయన దగ్గర ఉంటుంది. మీ అమ్మగారు గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేయించాలన్న తలంపుతో పూజ సామాను సర్దుకుని, అందులో అగ్గిపెట్టె, హారతి కర్పూరం కూడా పెట్టారు. ప్రయాణం రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాద్, దోహాల మీదుగా సాగుతుంది. వీటిని చేతి సంచిలో పెట్టాలా, కౌంటర్‌లో ఇచ్చే పెట్టెలో పెట్టాలా, అమెరికాలో మీ స్నేహితుడు జేబులో లైటర్‌తోనే విమానం ఎక్కినప్పుడు ఇక్కడ ఎందుకు కుదరదు అన్నవి మీ సందేహాలు.

సమాధానం: భారతదేశంలో విమానం ఎక్కేటప్పుడు లైటర్ గానీ అగ్గిపెట్టె గానీ చేతి సంచిలో ఉండకూడదు, కౌంటర్‌లో ఇచ్చే పెట్టెలో ఉండకూడదు, జేబులోనూ ఉండకూడదు. ఒకటైతే పరవాలేదన్న సడలింపు కూడా లేదు. కర్పూరానిదీ అదే దారి. వీటిని ఇంటి దగ్గరే వదిలిపెట్టి బయలుదేరండి. డాలస్‌లో దిగాక లైటర్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, పూజ సామాను భారతీయ దుకాణాల్లో దొరుకుతుంది.

నేను కొన్నేళ్ల పాటు ఒక విమాన సంస్థ తరఫున సామాను తనిఖీ యంత్రం ముందు కూర్చుని పనిచేశాను. ఇప్పుడు రాజమహేంద్రవరంలో టికెట్ల కార్యాలయం నడుపుకుంటున్నాను. మన వైపు నుంచి గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్లేవారిలో చాలామంది మీరు అడిగిన ప్రశ్ననే అడుగుతారు, కాకపోతే ఎక్కువమంది సామాను కట్టేశాక అడుగుతారు. కాబట్టి కారణాలతో సహా కొంత వివరంగా రాస్తున్నాను.

మీ స్నేహితుడి అనుభవం అబద్ధం కాదు. ఒక్కో దేశంలో ఒక్కో నియమం ఎందుకుందో తెలియాలంటే ముందు ఉమ్మడి నియమం తెలియాలి. ప్రమాదకర వస్తువుల రవాణాకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, రాసిన సాంకేతిక నిబంధనల ప్రకారం ప్రయాణికుడు తన సొంత వాడకానికి ఒక చిన్న లైటర్‌ను గానీ ఒక చిన్న సేఫ్టీ అగ్గిపెట్టెను గానీ ఒంటిమీద ఉంచుకోవచ్చు. కౌంటర్‌లో ఇచ్చే సామానులో గానీ చేతి సంచిలో గానీ పెట్టకూడదు. దీన్ని ప్రపంచమంతా కనీస నియమంగా తీసుకుంటుంది గానీ, ఏ దేశమైనా తన గడ్డ మీద ఇంతకంటే కఠినంగా ఉండవచ్చు. మన దేశంలో పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీకాస్, నిషేధిత వస్తువుల జాబితాలో ఆ ఒక్క లైటర్‌కు కూడా చోటివ్వలేదు. చైనా కూడా 2008 నుంచి లైటర్లనూ అగ్గిపెట్టెలనూ చేతి సంచిలోనూ పెట్టెలోనూ పూర్తిగా నిషేధించింది.

అమెరికా కథ వేరు. 2001 డిసెంబర్ 22న పారిస్ నుంచి మయామి వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 63వ విమానంలో రిచర్డ్ రీడ్ అనే వ్యక్తి తన బూటులో దాచిన పేలుడు పదార్థాన్ని అగ్గిపుల్లతో అంటించబోగా, సిబ్బందీ తోటి ప్రయాణికులూ కలిసి అతన్ని పట్టుకుని కట్టేశారు. ఆ ఘటన తరువాత అక్కడి చట్టసభ పట్టుబట్టడంతో 2005 ఏప్రిల్ 14 నుంచి అమెరికాలో లైటర్లను విమానం లోపలికి రానివ్వలేదు. తనిఖీ సిబ్బంది రోజుకు 22 వేలకు పైగా లైటర్లు పట్టుకోవలసి వచ్చింది. పేలుడు పదార్థాల మీద ఉండవలసిన చూపు లైటర్ల బుట్టల మీదకు మళ్లుతోందని గుర్తించిన అక్కడి రవాణా భద్రతా సంస్థ, టీఎస్ఏ, 2007 ఆగస్టు 4 నుంచి మామూలు లైటర్లకు మళ్లీ అనుమతి ఇచ్చింది. అందుకే ఇప్పుడు అక్కడ మామూలు గ్యాస్ లైటర్‌నో, దూదికి ద్రవ ఇంధనం పట్టించే జిప్పో రకం లైటర్‌నో ఒక్కదాన్ని ఒంటిమీద గానీ చేతి సంచిలో గానీ తీసుకువెళ్లవచ్చు, సేఫ్టీ అగ్గిపుల్లలు ఒక చిన్న పెట్టె తీసుకువెళ్లవచ్చు. అయితే అక్కడ కూడా అగ్గిపెట్టెను కౌంటర్‌లో ఇచ్చే సామానులో పెట్టనివ్వరు. నీలి మంట చిమ్మే టార్చ్ లైటర్ చేతి సంచిలోనూ కుదరదు, పెట్టెలోనూ కుదరదు. బ్రిటన్‌లో మరో పద్ధతి ఉంది: ఒక్క లైటర్‌ను, ద్రవాలు పెట్టుకునే రకం మూసే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ప్రయాణమంతా ఒంటిమీదే ఉంచుకోవాలి, తనిఖీ దాటాక తీసి చేతి సంచిలో పడేయడానికి కూడా వీల్లేదు.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, మీరు ఏ విమానాశ్రయంలో తనిఖీ గుమ్మం ముందు నిలబడితే ఆ దేశపు నియమమే మీకు వర్తిస్తుంది. మీరు చేరబోయే దేశం ఏం అనుమతిస్తుందన్నది మధురపూడిలో పనికిరాని వాదన. పైగా విమాన సంస్థ తనకంటూ ఇంకా కఠినమైన నియమం పెట్టుకోవచ్చు. ఆ గుమ్మం దగ్గర ఉన్న భద్రతా సిబ్బంది వద్దంటే వద్దు, అక్కడ రెండో మాటకు తావు లేదు.

ఒంటిమీద ఉంచుకోవచ్చుగానీ పెట్టెలో పెట్టకూడదన్న అంతర్జాతీయ నియమం చాలామందికి తలకిందులుగా తోస్తుంది. "కత్తెరను పెట్టెలో పెట్టమంటారు, లైటర్‌ను మాత్రం పెట్టెలో వద్దంటారేమిటి?" అని నన్నే ఎందరో అడిగారు. కత్తెర వల్ల ప్రమాదం మనిషి చేతిలో ఉన్నప్పుడే. దాన్ని మనిషికి దూరం చేస్తే సరిపోతుంది. లైటర్, అగ్గిపుల్ల మనిషి ప్రమేయం లేకుండానే అంటుకోగలవు. జేబులో అంటుకుంటే ఆ మనిషికి క్షణంలో తెలుస్తుంది, నాలుగు చేతులు కలిసి ఆర్పుతాయి. విమానం అడుగున, వందల పెట్టెల మధ్య, చొక్కాలూ చీరలూ కుక్కిన సూట్‌కేసులో అంటుకుంటే అక్కడికి ఎవరూ వెళ్లలేరు. పెద్ద విమానాల సామాను గదుల్లో పొగను పసిగట్టే పరికరాలూ, మంటను అణిచే వాయువూ ఉంటాయన్నది నిజమే. అవి కూడా మంటను అదుపు చేసి నేల మీదకు దిగేందుకు వ్యవధి ఇస్తాయే తప్ప, మనిషి వెళ్లి బకెట్ నీళ్లు పోసినట్లు ఉండదు. 1996 మే 11న ఫ్లోరిడాలో కూలిపోయిన వాల్యూజెట్ 592వ విమానంలో 110 మంది చనిపోవడానికి కారణం, సామాను గదిలో తప్పుగా ఎక్కించిన ఆక్సిజన్ జనరేటర్ల నుంచి పుట్టిన మంట. అప్పటికి ఆ తరహా సామాను గదుల్లో పొగను పసిగట్టే ఏర్పాటు లేదు. ఆ ప్రమాదం తరువాతే తప్పనిసరి చేశారు.

ఇక ఈ వస్తువుల స్వభావం చూడండి. గ్యాస్ లైటర్‌లో ఉండేది బ్యూటేన్. మామూలు ఉష్ణోగ్రతలో అది వాయువే, ఒత్తిడితో ద్రవంగా నిలిపి ఉంచుతారు. విమానం పైకి వెళ్లాక లోపలి గాలి ఒత్తిడి సుమారు 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్లు తగ్గుతుంది. సామాను గదిలోనూ అంతే. నాసిరకం కవాటం ఉన్న లైటర్ నుంచి గ్యాస్ కారడానికి అది అనువైన పరిస్థితి. సామాను సర్దేటప్పుడు లైటర్ మీట మీద బరువు పడి నొక్కుకుపోయిందంటే మరీ ప్రమాదం. గాలిలో సుమారు 2 శాతం బ్యూటేన్ కలిసినా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, మూసిన పెట్టెలో అంత కలవడానికి ఒక్క లైటర్ చాలు.

అగ్గిపుల్లల్లో రెండు రకాలు ఉన్నాయి. మన ఇళ్లలో వాడే సేఫ్టీ అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం వంటివి ఉంటాయి, రాజుకోవడానికి కావలసిన ఎర్ర భాస్వరం పెట్టె పక్క పట్టీ మీద ఉంటుంది. పుల్లనూ పట్టీనీ వేరు చేశారు కాబట్టే అది సేఫ్టీ అగ్గిపెట్టె అయింది. కానీ మనం ఆ రెంటినీ ఒకే పెట్టెలో అంగుళం దూరంలో పెట్టుకుని తిరుగుతాం. సొరుగు కాస్త వదులై పుల్లలు బయటికి జారితే గంటల తరబడి కుదుపుల్లో అవి పట్టీకి రాసుకుంటూనే ఉంటాయి. ఎక్కడ గీసినా అంటుకునే రెండో రకం పుల్లలకు ఆ పట్టీ కూడా అక్కర్లేదు, అందుకే వాటికి ప్రపంచంలో ఏ విమానంలోనూ చోటు లేదు. లైటర్‌లో నింపే గ్యాస్ డబ్బాలకూ, పెట్రోలు వంటి ద్రవం సీసాలకూ ఏ రూపంలోనూ అనుమతి లేదు.

"గ్యాస్ అయిపోయిన లైటర్ అయితే?" అన్నది తరువాతి ప్రశ్న. అమెరికాలో ఇంధనం ఏమాత్రం లేని లైటర్‌ను పెట్టెలో పెట్టనిస్తారు. మన దగ్గర ఆ వాదన చేయవద్దని నా సలహా. వాడిన లైటర్ ఖాళీగా ఉందో లేదో ఎక్స్-రే తెరమీద బొమ్మ చూసి ఎవరూ తేల్చలేరు, జిప్పో రకంలోనైతే లోపలి దూదికి పట్టిన ఇంధనం ఆవిరి చాలా రోజులు ఉంటుంది.

తనిఖీ ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే "అంత చిన్న అగ్గిపెట్టె వాళ్లకేం కనిపిస్తుంది" అన్న ధీమా మన వాళ్లలో బాగా ఉంది. ఎక్స్-రే తెర మీద బట్ట, కాగితం, చెక్క, తిండి పదార్థాల వంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. ఇనుము, ఇత్తడి వంటి లోహాలు నీలంగా, మధ్యరకం వస్తువులు ఆకుపచ్చగా కనిపిస్తాయి. లైటర్ బొమ్మ తేలిగ్గా గుర్తుపట్టేలా ఉంటుంది: లేత నారింజ రంగు చిన్న గొట్టం, దాని తల మీద నీలంగా రేకు టోపీ, ఆ పక్కనే చుక్కలాగా చక్రం. కొత్తగా పనిలో చేరినవాళ్లు కూడా వారం తిరగకముందే దాన్ని చూడగానే పట్టేస్తారు. అగ్గిపెట్టె కొంచెం కష్టమే, నిజం చెప్పాలంటే. చెక్కపుల్లలు, అట్ట, అన్నీ నారింజే. అయితే పుల్లల తలలు మాత్రం ఒక అంచున వరసగా చిక్కటి చుక్కల్లా కనిపిస్తాయి.

పూజ సామానులో అగ్గిపెట్టె దొరకడానికి మాత్రం అసలు కారణం వేరే ఉంటుంది. మన ఇళ్లలో అమ్మలు ఎలా సర్దుతారో మీకు తెలుసు: ఇత్తడి కుందులు పాత పంచె ముక్కలో చుట్టి, పంచపాత్రలో ఉద్ధరిణి, ఆ ఖాళీలో వత్తులు, కర్పూరం పొట్లం, మీద అగ్గిపెట్టె పెట్టి, అన్నీ కలిపి ఒక చెంబులో కుక్కి మూత పెట్టేస్తారు. ఇత్తడి మందంగా ఉంటే కిరణం లోపలికి చొరబడక ఆ చెంబు మొత్తం ముదురు నీలంగానో నల్లగానో కనిపిస్తుంది. లోపల ఏముందో కనిపించని వస్తువును తెరిచి చూడక తప్పదు. నా ముందుకు వచ్చిన పెట్టెల్లో, అగ్గిపెట్టెను నేరుగా తెరమీద చూసి తెరిపించినవాటి కంటే, చెంబు కోసం తెరిపిస్తే అగ్గిపెట్టె బయటపడినవే ఎక్కువ. కాబట్టి ఇత్తడి, రాగి సామాను తీసుకువెళ్తే విడివిడిగా, ఖాళీగా సర్దండి. ఒకదానిలో ఒకటి పెట్టకండి.

మీ నాన్నగారి విషయం ఇంకా సున్నితం. పంచె కట్టుకునే పెద్దలు అగ్గిపెట్టెను రొంటిన దోపుకుంటారు. అగ్గిపెట్టెలో లోహం లేదు కాబట్టి లోహాన్ని పసిగట్టే ద్వారం కూత వేయదు; ఇంట్లో వాళ్లు అది చూసి దాటిపోయిందనుకుంటారు. మన దేశంలో ఆ ద్వారం తరువాత ప్రతి ఒక్కరినీ చేతి పరికరంతో, చేత్తో తడిమి చూస్తారు, నడుము దగ్గర తప్పకుండా చూస్తారు. డెబ్బై ఏళ్ల మనిషి అందరి ముందు రొంటి విప్పి చూపించవలసి రావడం ఆయనకెంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. కోనసీమ నుంచి కొడుకు దగ్గరకు మస్కట్ బయలుదేరిన ఒక పెద్దాయనకు ఇలాగే జరిగింది. సిబ్బంది మర్యాదగానే అడిగారు, అగ్గిపెట్టె తీసి బుట్టలో వేశారు, అంతటితో అయిపోయింది. కానీ ఆయన అలిగి విమానం ఎక్కనని కుర్చీలో కూర్చుండిపోయారు, బుజ్జగించడానికి ఆ కుటుంబానికి తల ప్రాణం తోకకు వచ్చింది. కాబట్టి ఇంటి దగ్గరే, కారు ఎక్కకముందే, "నాన్నగారూ, అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి" అని అడిగి తీసుకోండి. చేతి సంచి పక్క అరలు, కోటు జేబులు, కళ్లజోడు డబ్బా కూడా చూడండి. పొగతాగేవారి దగ్గర రెండో లైటర్ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఒంటిమీదో చేతి సంచిలోనో దొరికితే ఆ వస్తువు పోవడంతో సరిపోతుంది, జరిమానాలూ కేసులూ సాధారణంగా ఉండవు. కౌంటర్‌లో ఇచ్చిన పెట్టెలో దొరికితేనే అసలు తిప్పలు. పెట్టెను మీ ఎదుట తెరిపించి, వస్తువు తీయించి, మళ్లీ తనిఖీ చేసి పంపాలి. చిన్న విమానాశ్రయాల్లో కౌంటర్‌కు ముందే యంత్రం ఉంటే అక్కడికక్కడే తేలిపోతుంది. పెద్ద విమానాశ్రయాల్లో పెట్టె కదిలే పట్టా మీద లోపలికి వెళ్లాక తనిఖీ జరుగుతుంది. అప్పటికి మీరు భద్రతా తనిఖీ దాటి కాఫీ తాగుతూ ఉంటారు. పేరు పిలుస్తారు, పెద్దవాళ్లకు ఆ ప్రకటన వినిపించదు లేదా అర్థం కాదు. సమయానికి మనిషి రాకపోతే పెట్టెను ఆపేసి విమానం పంపేస్తారు. మీ సామాను మధురపూడి నుంచి డాలస్ దాకా ఒకే చీటీతో వెళ్తుంటే, హైదరాబాద్‌లో ఆగిపోయిన సంగతి డాలస్‌లో పట్టా దగ్గర నిలబడ్డాకే తెలుస్తుంది. అలా ఒక అమ్మగారి పట్టుచీరలన్నీ పెళ్లి అయిపోయిన రెండో రోజున చేరాయి. కారణం సూట్‌కేసు పై అరలో మరిచిపోయిన ఒక లైటర్.

కర్పూరం గురించి అడిగారు. అది తేలిగ్గా మండే ఘన పదార్థాల తరగతిలోకి వస్తుంది, పెట్టెలోనూ సంచిలోనూ కుదరదు. మన ప్రాంతం వాళ్లకు ఇంకొకటి చెప్పాలి: వ్రతానికని అంబాజీపేట నుంచి కురిడీలు, అంటే ఎండు కొబ్బరికాయలు, కొని సర్దుతుంటారు. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కగల పదార్థంగా లెక్క, కాబట్టి దానికీ అనుమతి లేదు. శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయకు 2024 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన అనుమతి ఆ యాత్రా కాలానికి, 2025 జనవరి 20 వరకు ఇచ్చిన ప్రత్యేక సడలింపే. దాన్ని చూపించి ఇక్కడ వాదించలేరు. వంటింటి గ్యాస్ పొయ్యి వెలిగించే పొడుగు లైటర్‌లో ఇంధనం ఉండదు, రవ్వ మాత్రమే పుడుతుంది. అయినా తెరమీద ఇనుప గొట్టంలా కనిపించి పెట్టె తెరిపిస్తుంది. అమెరికా పొయ్యిలకు దాని అవసరమే లేదు.

చుట్టలు తీసుకువెళ్లడానికి విమాన భద్రత వైపు నుంచి అడ్డు లేదు. అమెరికాలో దిగాక కస్టమ్స్ వారికి పొగాకు ఉందని చెప్పాలి, దాచవద్దు. మరి దారిలో వెలిగించుకోవడం ఎలా అంటే, పొగతాగే గది ఉన్న విమానాశ్రయాల్లో వెలిగించుకునే పరికరం సాధారణంగా ఆ గది గోడకే అమర్చి ఉంటుంది. విమానంలో మాత్రం, ఎంత దూర ప్రయాణమైనా, ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకూడదని ఆయనకు ముందే గట్టిగా చెప్పండి. మరుగుదొడ్డి తలుపు దగ్గర బూడిద గిన్నె కనిపిస్తుంది, అది చూసి అక్కడ తాగవచ్చనుకునే ప్రమాదం ఉంది. నియమం మీరి ఎవరైనా తాగితే, ఆ పీకను కాగితాల బుట్టలో పడేయకుండా ఆర్పేందుకు మాత్రమే దాన్ని ఉంచుతారు. 1973 జూలై 11న పారిస్ దగ్గర వారిగ్ సంస్థ విమానంలో మరుగుదొడ్డి దగ్గర మొదలైన మంట, పొగ 123 మందిని బలిగొన్నాయి. కాగితాల బుట్టలో పడేసిన సిగరెట్ పీకను అందుకు కారణంగా అనుమానించారు. ఇప్పుడు ప్రతి మరుగుదొడ్డిలో పొగను పసిగట్టే పరికరం ఉంటుంది, దిగగానే పోలీసులు ఎదురుగా ఉంటారు.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త ఇంకో రకం. డాలస్‌లో ఒక లైటర్‌ను జేబులో పెట్టుకోనిస్తారు కాబట్టి మీ నాన్నగారు నిశ్చింతగా ఉంటారు. దోహాలో విమానం మారేటప్పుడు మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. అది దాటినా హైదరాబాద్‌లో దిగి రాజమహేంద్రవరం విమానం ఎక్కడానికి మన దేశీయ తనిఖీ గుమ్మం దాటాలి, అక్కడ లైటర్ బుట్టలోకే వెళ్తుంది. ఖరీదైన లైటర్ అయితే డాలస్‌లో మీ ఇంట్లోనే ఉంచేసుకోండి. అక్కడి నుంచి స్నేహితులకు కానుకగా తుపాకీ ఆకారపు లైటర్లు తెచ్చే మోజు మన కుర్రవాళ్లకు ఉంది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో ఇవి తరచుగా దొరికేవి. అది లైటర్‌గానూ ఆయుధం నకలుగానూ రెండు విధాలా నిషేధమే, తెరమీద ఆ ఆకారం కనిపిస్తే ముందుగా వచ్చే ప్రశ్న లైటర్ గురించి ఉండదు. చుట్ట మాన్పించాలని ఎవరైనా ఈ-సిగరెట్ కొనిస్తే దాన్ని కూడా వెంట తేనివ్వకండి, 2019 చట్టం ప్రకారం భారతదేశంలోకి వాటిని దిగుమతి చేయడమే నేరం.